నాలుగు పైసలు ఎక్కువ

పడవకు పట్టిచ్చినంత నూనె
నా నెత్తికి దొరకలే, పద్నాలుగేండ్లు.
కానుగ నూనెల గుగ్గిలం ఉడికిచ్చి
వేడి మీదనే సందు సందుకు పత్తి కూరి
పైన జీడినూనె, అది ఆరినంక రంగు.
ఏటా ఎండకాలం, గోదారి మంగపేట రేవు విడిచి
ఇసుక దాటి అవుతలికి జరిగినంక
ఇదే పని మా ఇంటాయనకు.
"అమ్మేనాడు నాలుగు పైసలు ఎక్కువొస్తయే" అంటడు.
ఎవలకు అమ్ముతవయ్యా అంటే
బ్రష్షు ముంచుతడు, మాట్లాడడు.

ఇసుక మీద గుంజనియ్యడు.
మొద్దులు వెట్టి దొర్లియ్యాలె,
బాలింత పక్కల పిల్లను జరిపినట్టు.
గొలుసు కరుస్తదని
అంచుకు పాత సైకిల్ ట్యూబు చుట్టిండు.
లంక మిర్చితోటలకు కూలీలు ఎక్కితే
కడియాలున్న ముసలోళ్లను నడుమ కూసోవెడతడు,
గీత పడొద్దని.
మా నడిపోడు ఒకపారి మేకుతోని
తన పేరు మొదలువెట్టిండు. వంకర 'ర' కాడ దొరికిండు.
గుగ్గిలం కూరి, మూడు పూతలు పూసి
పొద్దుగూకకముందే చెక్కను నయం జేసిండు.
పిల్లగాని వీపుకు ఎనిమిది దినాలు పట్టింది.

ముల్లకట్ట కాడ వంతెన పడ్డది.
ఆటోలు నది దాటుడు నేర్చినయ్.
రేవుల మనిషి లేడు,
పడవకు రంగు మాత్రం ఆగలే.

మొన్న హన్మకొండ నుంచి ఒక పిల్లగాడొచ్చిండు.
నయీంనగర్ల చాపల హోటల్ పెడ్తున్నడట.
పడవల గిన్నెలు పెడ్తరట, చుట్టూ బల్లలట,
నీళ్లు లేని రేవుల అన్నం తింటరట జనం.
నీలం రంగు మీద బొటనవేలు రాసి సూసిండు,
మొఖం చిన్నవోయింది.
"ఓదెలన్నా, మస్తు కొత్తగున్నదే.
నాకు పాతది గావాలె. పెచ్చులూడి, గీతలు పడి,
ఏరు తిన్నట్టుండాలె.
అట్లుంటే ఇంకో ఆరు వేలు ఇద్దును."

నేను నవ్విన.
నవ్వకుంట ఉండాల్సింది.

ఆ రాత్రి ఆయన బువ్వ ముట్టలే.
తెల్లారి నన్ను లేపకుంట
గరుకు కాయితం, కొబ్బరి చిప్ప పట్టుకొని పోయిండు.
నేను చాయ తీస్కపోయేసరికి సగం నీలం పోయింది.
కింద పచ్చ. వంతెన పడ్డ ఏడు, ఏటూరునాగారం అంగట్ల
మూత తుప్పువట్టిందని సగం ధరకిచ్చిన డబ్బ.
పచ్చ కింద ఎరుపు. ఓట్ల రాతలు గోడలకు రాయంగ
మిగిలిందని మా మరిది తెచ్చిచ్చిండు.
ఎరుపు కింద ఇంకేదో ఉంది,
అదేందో నాకు యాదికి రాలే, ఆయనకు వచ్చినట్టే ఉన్నది.

పిల్లగాడు ఫోన్ల బొమ్మలు దించుకుంట
"ఆపు, ఆపు, గా ఎరుపు కాడనే ఆపన్నా!"
ఆయన చెయ్యి ఆగలే.
ముందు దిక్కు జానెడు చోటు చెక్క దాక గీకిండు.
తేలింది వంకర 'ర'.
పిల్లగాడు వంగి సూసి
"ఇది బాగుంది, దీనికింకో వెయ్యి" అన్నడు.
ఆయన ఆ అక్షరం మీద అరచెయ్యి ఆనిచ్చి
ఏదో అన్నడు. ఇయ్యనన్నడో, రెండు వేలన్నడో,
గాలి అటు దిక్కుది, నాకు వినరాలే.

డీసీఎంకు ఎక్కిచ్చెటప్పుడు
తాడు ఒరిసే కాడ తన లుంగీ మడతవెట్టిండు.
గీకి గీకి పెచ్చులు లేపినోడే,
ఇప్పుడు తాడు గీత పడొద్దట.
డ్రైవర్ను అడిగిండు:
"అక్కడ పడమటి ఎండ పడ్తదా బిడ్డా?
పడ్తే ఓ బరకం కప్పమని చెప్పు."
"ఏసీ రూమే తాతా, ఎండేడిది!"

"అయితే చెక్క పగులుతది" అన్నడాయన,
బండి మూల తిరిగినంక.